వంగకుండా చూసే ముఖం

ఫోను లలితకుమారి మేడమ్ హ్యాండ్‌బ్యాగులో ఉంది. హ్యాండ్‌బ్యాగు లోపల మండపం దగ్గరెక్కడో ఉంది. మొయిజ్ బయట గేటు దగ్గర ఉన్నాడు. పొద్దున ఇక్కడ నిలబడినప్పటి నుంచీ అతని మనసు ఆ బ్యాగు దాకా ఎన్నిసార్లు వెళ్ళి వచ్చిందో లెక్కలేదు, కాళ్ళు మాత్రం పెట్టిన చోటే ఉన్నాయి. కదలకూడదు, పని అదే. ఎర్ర మఖ్మల్ అంగరఖా, జరీ తలపాగా, బంకతో అంటించిన గుబురు మీసం, వెండిరంగు పూసిన ఈటె, ముఖాన ఒక చిరునవ్వు. ఇవన్నీ కలిపితే ఏ కోటకో కాపలా భటుడు. శంషాబాద్‌లో బెంగుళూరు హైవే పక్కన, ఎయిర్‌పోర్టు మలుపుకి ఇవతల ఉన్న ఈ ఫంక్షన్ హాలే ఆ కోట. పెళ్ళివారు భీమవరం వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్ళు. చుట్టాలు కొందరు విమానం దిగి పెట్టెలతో నేరుగా ఇక్కడికే వస్తున్నారు. కారు దిగి మొదట అతని నడుము చూస్తారు, తర్వాత మెడ ఎత్తి ఛాతీ, ఇంకా ఎత్తి ముఖం, అక్కణ్ణుంచి చటుక్కున కిందికి దిగి కాళ్ళు. ఎవరైనా చివరికి కాళ్ళే చూస్తారు, కర్రలు కట్టుకున్నాడేమోనని. కర్రల్లేవు. ఏడడుగులు దాటిన ఆ ఎత్తంతా అతని సొంత ఎముకలే. ఆ ఎముకల్లో మోకాళ్ళ దగ్గరివి ఇప్పుడు కుంపటిలా కాలుతున్నాయి. బరువు ఎడమ కాలి మీద వేశాడు. కాసేపు నయం. మళ్ళీ కుడి. ఎవరికీ కనిపించకుండా బరువు మార్చడం నేర్చుకోవడానికి అతనికి సగం జీవితం పట్టింది.

ఈపాటికి డాక్టరు వచ్చి ఉంటాడు. భార్య ఆమినా ఉదయమే కూతురు ఇరంని తీసుకుని సిటీలో పెద్ద దవాఖానకి బయల్దేరింది. పోయిన వారం పరగడుపున చక్కెర నీళ్ళు తాగించి మాటిమాటికీ రక్తం తీశారు, తర్వాత గొట్టంలాంటి మిషన్లో పడుకోబెట్టి తల లోపల ఫోటోలు తీశారు, ఇవాళ చెప్తామన్నారు. ఆ మిషన్ చప్పుడుకి భయమైందా అని అడిగితే ఇరం, లేదు అబ్బా, లోపల పడుకుని లెక్కలు చేసుకున్న, అంది. పదకొండేళ్ళ పిల్ల. ఇప్పుడు ఏ బెంచీ మీద కూర్చుందో. బెంచీ మీద కూర్చుంటే మోకాళ్ళు ముందుకు పొడుచుకొస్తాయి, వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలీక ఓణీ పరుచుకుంటుంది. తను కూడా వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళేవాడే. కానీ మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు ఏమైందంటే, చిన్న డాక్టర్లు, నేర్చుకునేవాళ్ళు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గదిలోకి వచ్చారు, అతని చేతులు తిప్పి చూశారు, దవడ పట్టుకు చూశారు, నాలుక చాపమన్నారు, మీది కూడా చూడాలి, ఎందుకింతకాలం ఊరుకున్నారు అన్నారు, ఒకతను మర్యాదగా అడిగి ఫోటో కూడా తీసుకున్నాడు. బయట వరండాలో పేషెంట్లు గుమిగూడారు. పిల్ల గోడకి ఆనుకుని, భుజాలు ముడుచుకుని, ఉన్నదానికంటే పొట్టిగా అయిపోవాలని చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని తల ఎత్తకుండా, ఇగ నువ్వు రాకు అబ్బా, అమ్మీ ఒక్కతే వస్తది, అంది. అతను సరే బిడ్డా అన్నాడు. కొన్ని వేలమంది తనని చూడ్డానికి వచ్చారు, ఒక్కరు వద్దన్నారు. 

ఎవరో పెద్దాయన పట్టుపంచె సర్దుకుంటూ పక్కన నిలబడ్డాడు. ఫోటో తీశారు. మొయిజ్ నవ్వాడు. నవ్వు ఉన్నచోటే ఉంది, కొంచెం పెంచాడంతే.

ఇరంలో తేడా మొదట చూసింది అతనే. ఆమినా చూడలేదు. ఆమినాకి చెప్పులు పొట్టివైపోవడం నవ్వులాట, బిడ్డ ఎదుగుతోంది, తండ్రి పోలిక, అని రంజాన్‌కి కొన్నవి బక్రీదుకి పనికిరాకపోతే పక్కింటివాళ్ళ పిల్లలకి ఇచ్చేసేది. అతను కూడా నవ్వాడు. కానీ ఒకరోజు ఇరం స్కూలు నుంచి వస్తూ, రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్న చెయ్యి వదలకుండా ఇంటిదాకా నడిచింది. ఆ అరచెయ్యి తడిగా ఉంది. ఎండ లేదు, పరుగు లేదు. మెత్తగా, కలిపిన పిండిలా, లోపల్నుంచి ఊరుతున్న తడి. ఆ తడి అతనికి తెలుసు. పన్నెండేళ్ళప్పుడు పెన్ను పట్టుకుంటే జారిపోయేది, కాగితం తడిసిపోయేది, పంతులు చేతులు తుడుచుకో రా అనేవాడు. ఆ రాత్రి పిల్ల నిద్రపోయాక పక్కన కూర్చుని వేళ్ళు చూశాడు, వేలు వేలూ. దీపం దగ్గరగా పెట్టి నుదురు చూశాడు. ఆమినా లేచి ఏంది అంటే, ఏం లేదు, దోమలు, అన్నాడు. దవాఖానకి తీసుకుపోదామని చెప్పడానికి అతనికి ఎన్నో వారాలు పట్టింది. ఎందుకు పట్టింది? అక్కడికి వచ్చేసరికి మనసు ఆగి పక్కకి తిరుగుతుంది, ఎదురుగా తెలిసిన అప్పులవాడు కనిపించినట్టు.

విమానం వచ్చింది. దిగేదే, చక్రాలు బయటపెట్టింది. ఎంత కిందుగా వచ్చిందంటే సన్నాయి మేళం ఒక్క క్షణం వినిపించలేదు. అందరూ పైకి చూశారు. ఆకాశం వైపు ఎత్తిన తలలు దించుకుంటూ దారిలో అతని దగ్గర ఒక్కసారి ఆగాయి. ఈ విమానాలు లేనప్పుడు ఇక్కడ ద్రాక్షతోటలు ఉండేవి. ముళ్ళ తీగ కిందనుంచి దూరి గుత్తులు తెంపుకునే పిల్లల్లో అతను ఉండేవాడు, ఒక ఏడు దూరాడు, మరుసటి ఏడు దూరలేకపోయాడు. తీగ మీదనుంచి చెయ్యి చాపితే చాలు, అందేవి. పిల్లలందరికీ అతనే తెంపి ఇచ్చేవాడు. అప్పుడు ఎంత గొప్పగా ఉండేదో. అబ్బాజాన్‌కి మరీ గొప్ప. షుజాత్ సైకిల్ దుకాణం అంటే బస్టాండు దగ్గర అందరికీ తెలుసు, పంచరు వేస్తూ తల ఎత్తి దారినపోయేవాళ్ళని పిలిచి, నా కొడుకును చూసినవా, నిరుడు నా భుజం కాడికి ఉండె, ఇప్పుడు నేను వాని భుజం కాడికొచ్చిన, అని నవ్వేవాడు. జహంగీర్ పీర్ దర్గా ఉర్సుకి తీసుకెళ్ళాడు. రంగులరాట్నం, మృత్యుబావి, అద్దాల గది, వాటి చివర అనంతయ్య డేరా. రెండు తలల దూడ, నాగకన్య. లోపలికి పోవడానికి వరసలో నిలబడ్డ జనం డేరా వైపు చూడ్డం మానేసి వెనక్కి తిరిగి పిల్లవాణ్ణి చూడ్డం మొదలుపెట్టారు. అనంతయ్య మైకు పక్కన పెట్టి దిగి వచ్చాడు. మంచి మాటకారి, నుదుట పెద్ద బొట్టు, మనిషి చుట్టూ తిరుగుతూ మాట్లాడేవాడు. ఏం పెడుతున్నవ్ అన్నా పిల్లగానికి, అన్నాడు. అందరం తినేదే, అన్నాడు అబ్బాజాన్ పొంగిపోయి. ఆ తర్వాతి ఉర్సుకి మొయిజ్ డేరా లోపల ఉన్నాడు.

అంగరఖా కింద దాచిన చెక్క పీట మీద నిలబెట్టేవాళ్ళు, ఇంకా ఎత్తు కనబడాలని. అనంతయ్య మైకులో దేశం మొత్తమ్మీద ఇంకొకడు లేడు రండి చూడండి అనేవాడు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూయాలి. వేలి ఉంగరం తీసి అందులోంచి రూపాయి బిళ్ళ జారవిడవాలి. కుర్రాళ్ళు వచ్చి అరచేతికి అరచెయ్యి ఆనించి చూసుకుని ఈలలు వేసేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం వేరే పని మీద వచ్చేవాళ్ళు, రాత్రిళ్ళు ఉలిక్కిపడే పసిపిల్లల్ని తెచ్చి జర ఎత్తుకో బాబూ, భయం పోతది, అని చేతుల్లో పెట్టేవాళ్ళు. ఎవరి భయం ఎంత పోయిందో తెలీదు కానీ అతని చేతులకి పిల్లల బరువు అలవాటైంది. ఏడుపాయల, కొమురవెల్లి, మేడారం, ఎక్కడ జాతర జరిగితే అక్కడికి. ప్రతి జాతరకీ బట్టలు మళ్ళీ కుట్టించాలి. అనంతయ్య తాడు తెచ్చి ఎత్తు కొలిచి, పెరిగిండు, అని డేరా అంతటికీ మిఠాయి పంచేవాడు. పెరగడం తన పని అని అతను అనుకున్నాడు. పగలు మిగతావాళ్ళు పనిచేస్తారు, తను రాత్రి నిద్రలో పనిచేస్తాడు. తలనొప్పి, మోకాళ్ళు, అవి ఆ పనిలో వచ్చే ఒళ్ళునొప్పులు.

నాగకన్య వేషం శ్రీలతది. అద్దాల బల్ల వెనక కూర్చుని తలొక్కటే పైకి పెడితే, కింద గుడ్డ పాము చుట్టలు చుట్టుకుని కనబడేది. నీ ఊరేది, నువ్వేం తింటవ్, అని జనం అడిగితే పాలు తాగుతానని చెప్పేది. ఆట అయిపోయాక మెడ పట్టేసి, మిరపకాయ బజ్జీలు తింటూ, అతనితో కబుర్లు చెప్పేది. ఒకసారి, కొమురవెల్లిలోనో ఎక్కడో, వాన పడుతుంటే డేరా వెనక ఇద్దరూ కూర్చున్నారు. "ఆట అయినంక నేను పాములకెళ్ళి లేసి నా ఇంటికి పోత," అంది శ్రీలత. "నువ్వు యాడికి పోతవ్ రా మొయిజ్?" ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. అతను నవ్వాడు. ఆ మరుసటేడు ఆమె పెళ్ళి చేసుకుని పోయింది. ప్రశ్న మాత్రం డేరాలోనే ఉండిపోయింది, డేరా కూడా పోయాక ఎక్కడుందో తెలీదు. అనంతయ్య పోయాడు, జనం ఫోన్లలోనే అన్ని వింతలూ చూసుకుంటున్నారు, డేరాకి ఎవరూ రావడం లేదు. పెళ్ళిళ్ళు మాత్రం రోజురోజుకీ పెద్దవవుతున్నాయి.

"అంకుల్, నువ్వు నిజమా?"

కింద ఎక్కడో. ఎడమ పక్కనా, కుడి పక్కనా? ఈమధ్య పక్కలు సరిగ్గా కనబడటం లేదు, రెండు పక్కలా ఎవరో తెర లాగినట్టు ఉంటోంది. తల తిప్పకూడదు. మెల్లగా కళ్ళు దించితే పట్టుపావడా కట్టుకున్న అయిదారేళ్ళ పిల్ల. అతని వేలు పట్టుకుని గిల్లింది. నొప్పి తెలిసింది, నవ్వు కదల్లేదు. పిల్ల వాళ్ళమ్మ వైపు తిరిగి, బొమ్మే, అని చెప్పింది. వెళ్ళిపోతూ ఒకసారి వెనక్కి చూసింది. అప్పుడు అతను కన్ను గీటాడు. పిల్ల నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఒక్క నిమిషం మోకాళ్ళు గుర్తురాలేదు.

లలితకుమారి వేగంగా నడుస్తూ అటు వచ్చింది. పెళ్ళిళ్ళకి ఏర్పాట్లన్నీ చూసే మనిషి, పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో పూలవాళ్ళకీ మేళంవాళ్ళకీ సైగలు చేస్తూ ఉంటుంది. అతను పెదవులు కదపకుండా మాట్లాడాడు, అది కూడా డేరాలో నేర్చుకున్నదే.

"మేడమ్, నా ఫోనుకు ఏమన్న వచ్చిందా?"

"లేదండీ మొయిజ్ గారూ. వస్తే చూద్దాంలెండి, ఈ కాస్సేపూ ఓపిక పట్టండి. మగపెళ్ళివారు బయల్దేరారట. కిందటిసారి మీరు ఫోను మాట్లాడుతుంటే వీడియోలో పడిందని ఆ ఇంటివాళ్ళు నన్నెంత మాటన్నారో మీకు తెలుసుగా."

"తెలుసు మేడమ్."

ఎందుకు అడుగుతున్నాడో ఆమెకి తెలీదు. అతను చెప్పలేదు. ఆమెకనే కాదు, ఎవరికీ చెప్పలేదు. చెప్తే అవతలివాళ్ళ కళ్ళలో ఒక లెక్క మెదులుతుంది, అది చూడలేడు. చాలా ఏళ్ళ కింద ఇరం పుట్టినప్పుడే చూశాడు. దవాఖానలో అందరూ పిల్ల పొడవెంత అని అడిగారు, బరువెంత అని కాదు.

ఆమినా అడగలేదు. ఆమినా ఎప్పుడూ అందరూ అడిగేది అడగదు. రావిర్యాలలో టైలరింగు చేసేది, అంగరఖాలు కుట్టడానికి ఇంకెవరూ ఒప్పుకోకపోతే ఎవరో ఆమె పేరు చెప్పారు. కుర్చీ ఎక్కి నిలబడి భుజాలు కొలిచింది. పిన్నులు నోట్లో పెట్టుకుని, ఇంట్ల నీ తల యాడ తగుల్తది, అని అడిగింది. గుమ్మానికి, ఫ్యానుకి, అటక కొసకి, అని చెప్పాడు. ఆమె తల ఊపి కొలత రాసుకుంది. పెళ్ళయ్యాక ఇంటికి రాగానే మేస్త్రీని పిలిపించి గుమ్మం ఎత్తు పెంచింది. తన ఇంట్లో తను వంగకుండా లోపలికి నడిచిన రోజు అతను నాలుగైదుసార్లు ఊరికే బయటికీ లోపలికీ తిరిగాడు. ఆమినా చూసి చూడనట్టు బియ్యం ఏరుకుంది. అయినా ఆమె ముఖం చూడాలంటే వంగాలి. అమ్మ ముఖం, అబ్బాజాన్ ముఖం, దోస్తుల ముఖాలు, అన్నీ వంగి చూసినవే. పడుకున్నప్పుడు, కూర్చున్నప్పుడు వేరు. నిలబడి, మనిషికి మనిషి ఎదురుగా, కళ్ళలోకి కళ్ళు పెట్టి ఎవర్నీ చూడలేదు అతను పద్నాలుగో ఏడు దాటాక.

అక్కడికే వచ్చింది మళ్ళీ. పక్కకి తిరగాలనుకుంది మనసు, ఈసారి తిరగలేకపోయింది. పోయిన చలికాలం. ఇరం మంచం మీద నిలబడి దోమతెర కడుతోంది. అతను పక్కనుంచి వెళ్తూ ఆగాడు. పిల్ల తిరిగింది. ముఖం ఎదురుగా ముఖం. వంగలేదు. ఆమె కనుపాపలో గోధుమరంగు చుక్క ఒకటి ఉందని పదకొండేళ్ళలో మొదటిసారి చూశాడు. అబ్బా, నీ కనుబొమ్మల్ల ఒకటి తెల్లగైంది, అని ఆమె నవ్వింది. అంతే జరిగింది. కానీ ఆ రాత్రి పడుకుని, మంచం లేకుండా కూడా ఇట్లా అయితే, అనుకున్నాడు. ఇంకో మూడునాలుగేళ్ళు. ఇంకొంచెం. ప్రపంచంలో ఒక్క మనిషి తన ముందు నిలబడి తన కళ్ళలోకి చూస్తే. అనుకున్నది ఒక్క రాత్రి కాదు. అరచేతి తడి పట్టుకున్నాక కూడా అనుకున్నాడు. ఆ వారాలన్నీ ఆమినాకి చెప్పకుండా ఆగింది భయం వల్ల అని తనకి తాను చెప్పుకున్నాడు, భయం ఉంది కూడా, కానీ భయం పక్కన ఇంకోటి కూర్చుని ఉంది, నోరు మూసుకుని. తలనొప్పి అని పిల్ల ఒక పొద్దున గోడకి తల ఆనించుకుని ఏడ్చిన రోజు అది లేచి పోయింది. ఆ రోజే ఆమినాకి చెప్పాడు. పోయిందనే అనుకున్నాడు. కానీ ఇప్పుడు, ఈ గేటు దగ్గర, ఫోను కోసం చూస్తుంటే, ఏమీ లేదు, మామూలు పొడుగే అని చెప్తారేమో అనుకున్నప్పుడల్లా గుండె తేలికపడుతోంది, ఆ తేలిక కింద సన్నగా ఏదో లాగుతోంది కూడా. థూ, అనుకున్నాడు. ఈటె పిడి చెమటకి జారింది. గట్టిగా పట్టుకున్నాడు.

బ్యాండు వినిపించింది. మగపెళ్ళివారి కార్లు మలుపు తిరుగుతున్నాయి. అప్పుడు లోపల్నుంచి లలితకుమారి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది, చేతిలో అతని ఫోను వెలుగుతూ ఉంది.

"ఇంటి నుంచండీ. ఆపకుండా చేస్తున్నారు. నేను తీశాను, ఏమనుకోకండి, మీ ఆవిడ ఏడుస్తున్నారు. తీసుకోండి."

అతను ఈటె గోడకి ఆనించి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. అతని చేతిలో ఫోను ఎప్పుడూ అగ్గిపెట్టెలా ఉంటుంది. ఆమినా ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది, గట్టి సంగతులు వస్తే రావిర్యాల తెలుగులోకి మారుతుంది. ఇప్పుడు తెలుగులో మాట్లాడుతోంది.

"ఉన్నదంట జీ. నీకున్నసొంటి గడ్డనే. చిన్నగ ఉన్నదంట, కందిగింజంత. ముక్కులకెళ్ళి పోయి తీస్తమంటున్నడు డాక్టర్. ఇప్పుడే తీస్తే ఇగ పెరగదంట, మామూలు పొడుగుతోటే ఆగుతదంట. వచ్చే వారమే ఖాళీ ఉన్నదంట, లేకుంటే మళ్ళ చాన రోజులు. ఆయన ఆపరేషన్లకు పోతున్నడు, పోయేలోపల ఏదన్న చెప్పమన్నడు." ఊపిరి పీల్చుకుంది. "తలకాయ లోపల జీ. కండ్ల నరాల పక్కనే. నాకు చాన భయమైతుంది. పిల్ల మంచిగనే తిరుగుతుంది కద, కొన్నాళ్ళు చూద్దామా? నువ్వేం చెప్తే అది."

ఉందంట. ఆ మాట విన్న క్షణంలో, రెప్ప కొట్టినంతసేపు, లోపల ఏదో తల ఎత్తింది. అది దుఃఖం కాదు. అతను దాన్ని చూశాడు, గుర్తుపట్టాడు. కొన్నాళ్ళు చూద్దాం అనడం ఎంత సులువు. ఆమె అడుగుతోంది కూడా. ఎవరూ తప్పుపట్టరు. 

"వస్తున్న," అన్నాడు చివరికి. "నేను వస్తున్న."

లలితకుమారి అతని ముఖం చూస్తూ ఉంది, మెడ ఎత్తి. ఏమైందని అడిగితే రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె కార్ల వరస వైపు ఒకసారి చూసింది, అతని వైపు చూసింది. "ఈ మాట పొద్దున్నే చెప్పొద్దా అండీ," అంది, కోపంగానే. తర్వాత పూలు దింపి ఖాళీగా నిలబడ్డ వ్యాను వైపు తిరిగి, "జంగయ్యా, గుడిమల్కాపూర్ పోయేదేగా, ఈయన్ని దవాఖాన దగ్గర దింపేసి వెళ్ళు," అని పిలిచింది. కారు ముందు సీట్లో పట్టడని ఆమెకి తెలుసు. అతను వ్యాను వెనక ఎక్కి, తడి ఆకులు, తెగిన బంతిపూల మధ్య కాళ్ళు చాపి కూర్చున్నాడు. మీసం పీకేశాడు, పై పెదవి మండింది. వ్యాను బయటపడుతుంటే పెళ్ళికొడుకు కారులోంచి ఎవరో ఫోను ఎత్తి అతన్ని వీడియో తీశారు.

గగన్‌పహాడ్. లారీల పొగ. వెనక వచ్చే మోటారు సైకిళ్ళవాళ్ళు చూస్తున్నారు, దగ్గరకొచ్చి చూస్తున్నారు, ఒకడు చెయ్యి ఊపాడు. ఏం చెప్పాలి డాక్టరుకి. కళ్ళ నరాల పక్కన. పిల్ల కళ్ళు పోతే. కందిగింజంత. తనది ఇప్పుడు ఎంతుందో. ఫోను మళ్ళీ మోగింది. ఆమినా అనుకున్నాడు. ఇరం.

"అబ్బా, ముక్కులకెళ్ళి చేస్తరంట."

"అవునంట బిడ్డా."

"నొప్పైతదా?"

ఆ జబ్బులో ఉన్న నొప్పులన్నీ అతనికి తెలుసు. మోకాళ్ళది, నడుముది, కళ్ళ వెనకది, దవడ బిగిసి పొద్దున నోరు తెరుచుకోనిది. అది తగ్గేటప్పుడు వచ్చే నొప్పి ఒక్కటే తెలీదు.

"నాకు తెల్వదు బిడ్డా. నాకు చెయ్యలే."

"ఎందుకు చెయ్యలే? అప్పుడు డాక్టర్లు లేకుండెనా?"

వ్యాను గుంటలో పడి లేచింది. ఎన్నేళ్ళ నుంచో దారి మార్చుకుంటూ తిరిగిన చోటికి ఇప్పుడు ఒక్కసారిగా వచ్చి పడ్డాడు. స్కూల్లో డాక్టర్ల క్యాంపు. ఉర్సు అయిపోయిన కొన్నాళ్ళకి. చిన్న వయసు డాక్టరమ్మ, జడ వేసుకున్నది, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి కళ్ళ పక్కలకి వేలు తెచ్చి, కనబడుతోందా, కనబడుతోందా, అని అడిగింది. అరచేతులు ముట్టుకుంది. తర్వాత దుకాణం నుంచి అబ్బాజాన్‌ని పిలిపించింది. తల లోపల చిన్న గ్రంథి, దానికి గడ్డ లేచి ఒంటిని పెంచుతోంది, ఇది బలం కాదు జబ్బు, పట్నంలో తీసేస్తారు, ఇప్పుడైతే ఆగుతుంది, ఆగకపోతే ఒళ్ళంతా పాడవుతుంది. తెలుగులో ఒకసారి, వచ్చీరాని ఉర్దూలో ఒకసారి చెప్పింది. అబ్బాజాన్ రెండుసార్లూ తల ఊపాడు. బయటికొచ్చి చెరకురసం తాగించాడు, తను తాగలేదు. సైకిల్ హ్యాండిలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆ పొద్దున్నే అనంతయ్య దుకాణానికి వచ్చి మొయిజ్‌ని డేరాకి అడిగి వెళ్ళాడు. తలకాయ కోస్తరంట, ఆ పిల్లకేం తెలుసు, అన్నాడు అబ్బాజాన్, కొడుకుతో కాదు, సైకిలుతో అన్నట్టు. తర్వాత అతని వైపు చూశాడు. మెడ ఎత్తి చూశాడు. ఆ చూపులో భయం ఉంది. భయం పక్కన కూర్చున్నది కూడా ఉంది. పద్నాలుగేళ్ళ మొయిజ్‌కి దాని పేరు తెలీదు. ఇవాళ తెలుసు.

"అబ్బా? ఉన్నవా?"

"ఉన్న. డాక్టర్లు ఉండె బిడ్డా. ఒకామె చెప్పింది. మీ దాదాకు చెప్పింది."

 దాదా అంటే ఆ పిల్లకి ప్రాణం. సైకిలు ముందు బుట్టలో కూర్చోబెట్టుకుని శంషాబాద్ అంతా తిప్పినవాడు, ఆమెకి ఆరేళ్ళప్పుడు పోయాడు.

"దాదాకు సమజ్ కాలేదేమో."

అవును బిడ్డా అనొచ్చు. చచ్చిపోయిన మనిషి, ఎవరికీ నష్టం లేదు. ఆమినాకి కూడా ఇన్నేళ్ళూ అలాగే చెప్పాడు, అప్పట్లో ఎవరికి తెలుసు ఇవన్నీ, అని.

"సమజ్ అయింది," అన్నాడు మొయిజ్.

పిల్ల ఊపిరి వినబడుతోంది. వెనకాల దవాఖానలో ఎవరో ఎవరి పేరో పిలుస్తున్నారు.

"నీకు దాదా మీద కోపం లేదా?"

"ఉండె. ఇయ్యాల పొద్దుగాల దాంక ఉండె." ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. "ఇరం, ఇను. డాక్టర్ ఉన్నడా, పోయిండా?"

"ఉన్నడు. చాయ్ తాగుతున్నడు."

"పోయి చెప్పు. మా అబ్బా వచ్చే వారమే చెయ్యమన్నడని చెప్పు. అమ్మీకి భయమైతుంది, అమ్మీతోని కాదు, నువ్వు పోయి చెప్పు. ఫోను పెట్టకు, నేను ఇంట."

అడుగుల చప్పుడు. పొడుగు కాళ్ళ అడుగులు, వేగంగా. తలుపు. చిన్న గొంతు, వణక్కుండా, మా అబ్బా వచ్చే వారమే చెయ్యమన్నడు సార్, అనడం అతను విన్నాడు. అవతల ఎవరో మంచిది తల్లీ అన్నారు. ఫోనుని ఇంకా చెవికి ఆనించుకునే, ముంజేతితో ముఖం తుడుచుకున్నాడు, మఖ్మలులోకి చెమటా కన్నీళ్ళూ ఇంకలేదు, పక్కకి జారాయి. బుద్వేల్ స్టేషన్ దగ్గర సిగ్నల్ పడేలా ఉంది. అతను మోకాళ్ళ మీద లేచి, క్యాబిన్ రేకు మీద అరచేత్తో గట్టిగా చరిచాడు.

"జర జల్దీ పోనియ్ జంగన్నా."